గీతల లెక్క, మా ఇంటి లెక్క

పోయిన దీపావళికి ముందు మా ఇంట్లో టీవీ పాడైపోయింది. కొత్తది చూడడానికి నాయనతో కలిసి నేను కూడా గాంధీపురం క్రాస్‌కట్ రోడ్డుకు పోయినాను. ఒక అంగడిలో 43 అంగుళాల టీవీలు రెండు పక్కపక్కన పెట్టి ఉన్నారు. ఒకటి ఫుల్ హెచ్‌డి, ఇంకొకటి 4కె. ధరలో ఎనిమిది వేల రూపాయలు తేడా. "కొనేది ఒకసారే గదా సార్, 4కెకే పోండి" అన్నాడు అంగడాయన. 4కెలో బొమ్మ నిజంగానే తళతళలాడుతూ ఉండింది. కాని ఎనిమిది వేలంటే మా అక్క హాస్టలుకు రెండు నెలలు కట్టే డబ్బు. నాయన "ఆలోచించి వస్తాము" అని చెప్పి వచ్చేసినాడు. అదే వారం మాకు చరిత్ర వ్యాసం రాయమన్నారు. సరే, టీవీ చరిత్రే చదువుదాం, ఇంటికీ ఉపయోగపడుతుంది అనుకున్నాను.

పాత టీవీలో బొమ్మ గీతలతో ఏర్పడేది. మన దేశంలో 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా టీవీ ప్రసారం మొదలైంది. మన దేశం తీసుకున్న పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. వాటిలో బొమ్మగా కనిపించేవి 576. మద్రాసుకు 1975లో టీవీ వచ్చింది. 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన ఏడాది, రంగులు వచ్చినాయి. కాని గీతలు పెరగలేదు. 2006 ఎన్నికల తరువాత తమిళనాడు ప్రభుత్వం ఇంటింటికీ ఉచితంగా ఇచ్చిన 14 అంగుళాల కలర్ టీవీకి కూడా అదే లెక్క. అంటే మా అవ్వ మొదట చూసిన టీవీకి, నేను పుట్టక ముందు మా ఇంటికి వచ్చిన ఉచిత టీవీకి గీతల్లో తేడానే లేదు.

"మరి ఆ కాలంలో బొమ్మ ఎట్లుండేది అవ్వా?" అని అడిగినాను.

"వాన పడినట్టు ఉండేది పాపా. మీ తాత మిద్దె ఎక్కి యాంటెనా తిప్పుతా ఉంటే నేను కింద నుంచి 'వచ్చింది, పోయింది' అని అరస్తా ఉంటి" అని నవ్వింది.

కేబుల్ వచ్చినాక అదే టీవీలో బొమ్మ తేటపడిందట. గీతలు పెరిగి కాదు, సిగ్నల్ బాగుపడి. అవ్వకు అంతకంటే బాగా గుర్తున్నది ఇంకొకటి ఉంది. దూరదర్శన్‌లో మాకు తమిళం, హిందీ వచ్చేవి. 1995లో జెమిని టీవీ, ఈటీవీ మొదలైనాయి. కేబుల్లో అవి మా ఊరికి కూడా అందినాయి. "బొమ్మ సంగతి అట్లుండనీ, మన మాట ఇంట్లోకి వచ్చింది గదా" అంటుంది అవ్వ. బడికి రాక ముందే నేను కొన్ని తెలుగు అక్షరాలు నేర్చుకున్నది టీవీ వార్తల కింద పోయే వరసలో అవ్వ వేలు పెట్టి చూపిస్తేనే.

ఈ మాట చదివిన పుస్తకాల్లో కూడా కనిపించింది. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపినారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. కార్యక్రమాలు చేసిన నాలుగు భాషల్లో తెలుగు ఒకటి. తీగల వలతో చేసిన పదడుగుల యాంటెనా, ఊరంతటికీ ఒకే టీవీ. అప్పుడు కూడా పల్లె జనానికి వాళ్ల మాటలోనే చెప్పాలని చూసినారు.

ఇక ఎక్కువ గీతల టీవీ ఎక్కడ పుట్టింది? జపాన్‌లో. 1964 టోక్యో ఒలింపిక్స్ అయినాక అక్కడి ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె పరిశోధన మొదలుపెట్టి, తరువాత 1,125 గీతల పద్ధతి తయారు చేసింది. తెర ఎత్తుకు మూడింతల దూరంలో కూర్చుని చూసేవాళ్ల కోసం ఆ లెక్క వేసినారు. అంటే గీతల లెక్కకు కూర్చునే దూరం కూడా ముఖ్యం.

ఇది చదివి నేనొక పరీక్ష చేసినాను. తెల్ల కాగితం మీద 1 మిల్లీమీటరు ఎడంతో రెండు సన్న గీతలు గీసి గోడకు అంటించినాను. ఒక్కొక్క అడుగు వెనక్కి నడిచినాను. పదడుగులు దాటినాక రెండూ ఒకటే గీతగా కనిపించినాయి. మంచి చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు ఎడం వరకే విడదీసి చూడగలదు. ఆ లెక్కన 43 అంగుళాల ఫుల్ హెచ్‌డి తెరలో చుక్క సుమారు అర మిల్లీమీటరు. అయిదున్నర అడుగులు దాటితే ఆ చుక్కలు విడివిడిగా కనిపించవు. 4కెలో చుక్క అందులో సగం. దాని గొప్ప పూర్తిగా తెలియాలంటే మూడడుగుల దగ్గరికి పోవాలి. మా హాల్లో టేపు పెట్టి కొలిచినాను. గోడ నుంచి అవ్వ కుర్చీకి ఎనిమిది అడుగులు. అంగడిలో మేము నిలబడి చూసింది రెండడుగుల దూరంలో!

ఇంకొక సంగతి. మా కేబుల్లో వచ్చే తెలుగు చానెళ్లు కొన్ని పాత లెక్కలోనే వస్తాయి, కొన్ని హెచ్‌డిలో వస్తాయి. 4కెలో ఒక్కటీ రాదు. రాని చుక్కలను టీవీ తానే ఊహించి నింపుకుంటుంది. జపాన్‌లో 2018లోనే 8కె ప్రసారం మొదలైంది నిజమే, కాని అది మా ఇంటికి వచ్చే సిగ్నల్ కాదు గదా.

అట్లని 4కె దండగ అని నేను చెప్పను. 55 అంగుళాలో, అంతకంటే పెద్దదో కొని అయిదారడుగుల్లో కూర్చునేవాళ్లకు, ఇంటర్నెట్‌లో 4కె సినిమాలు చూసేవాళ్లకు తేడా తెలుస్తుంది. కొన్ని 4కె టీవీల్లో రంగులు, వెలుతురు కూడా మెరుగ్గా ఉంటాయి. ఎవరింటి లెక్క వాళ్లది.

మన కోయంబత్తూరు తెలుగువారు జి.డి.నాయుడుగారు 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించారు. అవినాశి రోడ్డులో ఆయన మ్యూజియం చూసినప్పుడు నాకు యంత్రాలే కనిపించినాయి. ఇప్పుడు ఆలోచిస్తే ఆ 70 రూపాయలే గొప్పగా అనిపిస్తోంది. కొత్త యంత్రం మామూలు ఇంటికి అందాలని ఆయన లెక్క వేసినారు.

నా లెక్కలు నాయనకు చూపించినాను. ఫుల్ హెచ్‌డి కొన్నాము. మిగిలిన డబ్బులో కొంత తెలుగు హెచ్‌డి చానెళ్లకు కట్టి, తక్కింది అక్కకు పంపినాము. తెర పాతదానికంటే పెద్దది కాబట్టి కింద పోయే అక్షరాలు అవ్వకు కుర్చీలో నుంచే తెలుస్తున్నాయి. ఇప్పుడు ఆమె చదువుతుంది, తప్పు పోతే నేను దిద్దుతాను.

మీ ఇంట్లో కూడా టీవీ కొనాలనుకుంటే, అంగడికి పోయే ముందు ఒక టేపు తీసుకొని మీ హాలు కొలవండి.