బొగ్గుట్టకు పుట్టినరోజు ఏది?

బొగ్గుట్ట అని పిలిచే ఇల్లందు ఎలా పుట్టిందని అడిగితే రెండు ముక్కల్లో చెప్పేస్తారు. భద్రాచలం వెళ్లే యాత్రికులు మూడు నల్లరాళ్లు పేర్చి పొయ్యి వెలిగిస్తే రాళ్లే అంటుకున్నాయట. 1871లో భూగర్భ సర్వే అధికారి డాక్టర్ విలియం కింగ్ వచ్చి బొగ్గు కనిపెట్టాడట. పొయ్యి కథే నిజమైతే, కింగ్ కంటే ముందే ఆ రాయి సంగతి జనానికి తెలుసు. మరి ఆయన కనిపెట్టిందేమిటి? ఈ అడవిలో తరతరాలుగా ఉన్న కోయల ఊసు రెండు కథల్లోనూ లేదు.

నన్ను తొలిచేది మరో లెక్క. బొగ్గు జాడ తెలిసింది 1871లో, తవ్వకం మొదలైంది 1889లో. మధ్యలో పద్దెనిమిదేళ్లు! సరుకుంది, మోసే దారి లేదు. 1874లో వాడి జంక్షన్ నుంచి వచ్చిన పట్టాలు సికింద్రాబాద్ దగ్గరే ఆగాయి. 1883లో చాందా దాకా పట్టాలు పొడిగించే ఒప్పందాన్ని ప్రశ్నించినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను నిజాం ప్రభుత్వం రాజ్యం నుంచి వెళ్లగొట్టింది. 1886లో గనుల హక్కులు లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. ఆ కంపెనీ వాటాల బేరం మీద 1888లో బ్రిటిష్ కామన్స్ సభ విచారణ సంఘమే వేసింది. అందులో చిక్కుకున్న నిజాం అధికారి సర్దార్ అబ్దుల్ హక్ పదవి ఊడింది. ఈ రభస నడుస్తుండగానే డోర్నకల్ మీదుగా పట్టాలు ఇటు తిరిగాయి. కింగ్ సర్వే లేకపోతే తిరిగేవి కావు, ఒప్పుకుంటాను. అయినా ఊరిని నిలబెట్టింది రాయి కాదు, రైలు.

తర్వాతి కథ తెలిసిందే. 1920లో కంపెనీ సింగరేణి కాలరీస్ అయింది. ఆ పేరైనా ఇల్లందుది కాదు, కారేపల్లి దగ్గరి పల్లెది. 1937లో కొత్తగూడెంలో తవ్వకం మొదలైంది. పెద్దాఫీసూ అక్కడికే చేరింది.

ఇప్పుడు యాత్రికులు భద్రాచలం, పర్ణశాల, కిన్నెరసాని చూస్తారు. ఇల్లందులో టీ తాగి బస్సెక్కుతారు. ఇక్కడి పాతవాళ్లకు గని అంటే ‘బాయి’. పొలంలో బావికీ, భూమి లోపలి చీకటికీ ఒకటే మాట. ఆ బాయిలు మూతపడ్డాయి. ఓపెన్‌కాస్టు వచ్చాక గుంత పెద్దదైంది, అందులో పనిచేసే మనుషులు తగ్గారు. దాన్ని అభివృద్ధి అనడానికి నాకు నోరు రాదు.

మూడు రాళ్ల పొయ్యికి బొమ్మ పెట్టడం సులువు. చరిత్ర కావాలంటే రైలు కట్ట దగ్గరికి వెళ్లాలి. కంకరలో చెయ్యి పెడితే బొగ్గు పొడి వేళ్లకు అంటుతుంది. కారేపల్లి నుంచి వచ్చిన ఆ లైను ఇల్లందులోనే ఆగిపోతుంది. బొగ్గు కోసం వచ్చిన రైలుకు ఊరు దాటి పనేముంది?