పందుంపుల్లకు పెద్దలు పెట్టిన షరతులు

నంద్యాలలో పళ్ల డాక్టరుగా పనిచేసినన్నాళ్లూ నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "మా తాత వేపపుల్లతోనే తోముకున్నాడు, చివరిదాకా పన్ను కదల్లేదు. మాకెందుకు సార్, ఇట్లా చిగుళ్ల నుంచి నెత్తురు?" ఆ తాతకు పుల్లతో పాటు కొన్ని షరతులు కూడా పెద్దల నుంచి వచ్చాయి. పుల్ల పేరు మనకు గుర్తుంది గానీ షరతులు మరిచాం.

ప్రాచీన ఆయుర్వేద వైద్యుల్లో చరకుడు పుల్ల కొస నలిపి, రోజుకు రెండుసార్లు, చిగుళ్లకు దెబ్బ తగలకుండా తోముకోమన్నాడు. సుశ్రుతుడైతే కొలతలే ఇచ్చాడు. పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవు, చిటికెనవేలంత లావు, కణుపుల్లేని పచ్చిపుల్ల కావాలి. చేదు చెట్లలో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారంలో కానుగ మేలన్నాడు. నోరు పూసినవాళ్లు, దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లు పుల్ల ముట్టవద్దన్నాడు. వైద్యుడి జాగ్రత్త అంటే ఇదే అనిపిస్తుంది నాకు. మందు చెప్పిన నోటితోనే ఎవరికి పనికిరాదో కూడా చెప్పాడు.

7వ శతాబ్దంలో నలందలో చదువుకున్న చైనా భిక్షువు యీజింగ్ కూడా ఈ అలవాటును శ్రద్ధగా రాసుకున్నాడు. మన పల్లెల్లో వేప అందకపోతే కానుగ, నల్లతుమ్మ, ఉత్తరేణి వేరు వాడేవారు. తోముకున్నాక అదే పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకునేవారు. పొలం గట్టు మీద నడుస్తూ నమిలేవారు కాబట్టి ఆ రసం చాలాసేపు చిగుళ్లకు తగులుతుండేది.

ఆ రసంలో ఏముందో తేలడానికి చాలా కాలం పట్టింది. 1942లో రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిన్, నింబిడిన్ వంటి చేదు పదార్థాలను వేరుచేశాడు. నింబిడిన్‌కు వాపు తగ్గించే గుణం ఉందని తర్వాత జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. తుమ్మ, చండ్రల వగరుకు కారణం టానిన్లు. అవి ప్రోటీన్లను పట్టుకుని కణజాలాన్ని బిగిస్తాయి. వేపాకు సారంతో చేసిన జెల్‌ను మణిపాల్ పరిశోధకులు ఆరువారాల పాటు మనుషుల మీదే పరీక్షించారు. పళ్ల మీద పాచి తగ్గిందని 2004లో ప్రకటించారు.

అయితే చేదు ఒక్కటే చాలదు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో అనే దంత పరిశోధకుడి బృందం పన్నెండుమంది చేత పళ్లు తోముకోవడం మాన్పించింది. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమగానే తగ్గాయి. వాపుకు మూలం పాచి. నలిగిన కొస ఆ పాచిని తుడిచేది, రసం చిగురును కాచేది. వేప బొమ్మ వేసిన పేస్టు కొనుక్కుని, గట్టి బ్రష్‌తో అర నిమిషం రుద్ది వదిలేస్తే ఈ రెండు పనుల్లో ఏదీ సరిగా జరగదు. ఇటుకపొడి, బొగ్గుపొడి మరీ అన్యాయం. అవి పన్నును అరగదీస్తాయి.

పుల్ల వాడేవాళ్లను నేనెప్పుడూ మానమనలేదు. పచ్చిది తెచ్చుకోండి, కొస మెత్తగా నమలండి, చిగురును గీరకండి, రాత్రి పడుకునే ముందు మెత్తని బ్రష్‌తో తోముకోండి. పాచి గట్టిపడి గార కట్టాక మాత్రం ఏ చెట్టు రసమూ దాన్ని కరిగించలేదు. రెండు వారాలైనా నెత్తురు ఆగకపోతే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి.