సాజ్ మార్చేముందు సాజిందాను అడిగారా?



మొన్న నంద్యాల నుంచి మా భాంజా ఫోన్ చేశాడు. "మామూ, ఒక గిబ్సన్ ఎలక్ట్రిక్ గిటారు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతోంది. 2015 మోడల్. దోస్తులేమో ఆ ఏడాదిది ముట్టుకోవద్దంటున్నారు. ఎందుకంటావ్?" అన్నాడు. సంగీతం జాయజా కాదా అన్న బహస్ మన ఇళ్లలో పాతదే, ఈరోజు దాని జోలికి పోను. వాడు అడిగింది తారీఖ్ సవాల్. జవాబూ తారీఖ్‌లోనే ఉంది.

గిటారు కంపెనీలు ఏటా కొత్త వరుస మోడళ్లు దించుతాయి. దించిన మర్నాటి నుంచే వాయించేవాళ్ల గిలా షికాయత్ మొదలు. రంగు బాగుందని ఒకరు, మెడ లావైందని ఒకరు, ధర చూస్తే గుండె ఆగిందని ఇంకొకరు. 2015లో మాత్రం గిలా కాస్తా హంగామా అయింది. గిబ్సన్ ఆ ఏడు దాదాపు తన మొత్తం ఎలక్ట్రిక్ వరుసకు, తీగల్ని మోటారుతో దానంతటదే శ్రుతి చేసే యంత్రాన్ని బిగించింది. మెడ వెడల్పు చేసింది. ధరలూ పెంచింది. శ్రుతి చేసుకోవడం చెవి పని, చేతి పని అని నమ్మిన సాజిందాలకు అది నచ్చలేదు. మరుసటి ఏడాదికల్లా కంపెనీ దారికొచ్చింది. 2016 వరుసను రెండుగా చీల్చి, పాత పద్ధతి కోరేవాళ్లకు ఒకటి, కొత్త హంగులు కోరేవాళ్లకు ఒకటి ఇచ్చింది.

ఇది మొదటిసారి కూడా కాదు. 1952లో లెస్ పాల్ అనే మశ్హూర్ గిటారిస్టు పేరుతో అదే కంపెనీ ఒక మోడల్ తెచ్చింది. 1961లో దాని రూపమే మార్చేసి, పల్చటి చెక్కతో, రెండు కొమ్ముల్లాంటి అంచులతో అమ్మింది. లెస్ పాల్‌కే ఆ రూపం నచ్చలేదు. కొన్నాళ్లకు ఆయన పేరు దాని మీంచి పోయింది. ఇంతలో ఇంగ్లండ్ కుర్రాళ్లు పాత లెస్ పాల్ గిటార్ల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు. 1968లో కంపెనీ పాత రూపాన్నే మళ్లీ బజారులోకి తెచ్చింది. కారీగర్ ఒకటి తలిస్తే, ఫన్‌కార్ ఇంకోటి తలిచాడు. చివరికి ఫన్‌కార్ మాటే నెగ్గింది.

ఇదంతా అమెరికా ఖిస్సా, మనకేం సంబంధం అంటారా? మన ఇంటి ఖిస్సా ఇంకా గొప్పది.

నాదస్వరం, మన పల్లె భాషలో సన్నాయి. ఆళ్లగడ్డ పక్కన అహోబిలంలోనైనా, నంద్యాల పక్కన మహానందిలోనైనా ఉత్సవం అంటే డోలు, సన్నాయి ఉండాల్సిందే. ఈ సాజ్‌లో పెద్ద ఉస్తాదులు కొందరు మన ఆంధ్ర ముసల్మాన్లే. షేక్ చిన మౌలానా సాహెబ్ 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. అంతటితో ఆగక తంజావూరు బాణీ కోసం తమిళ ఉస్తాదులకు షాగిర్ద్ అయ్యారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. 1999లో కన్నుమూశారు. ఆయన షాగిర్దులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మియా బీవీ ఇద్దరూ 2020లో పద్మశ్రీ పొందారు.

ఇక అసలు మాట. పాత నాదస్వరం పేరు తిమిరి. పొట్టిది, హెచ్చు శ్రుతిది. ఊరేగింపులో దూరం దాకా వినిపిస్తుంది. కానీ దాంట్లో శుద్ధ మధ్యమం సాఫీగా పలకదు. ఊపిరినీ పెదవినీ సర్దుకుని ఎలాగో పలికించాలి. తిరువావడుదురై రాజరత్నం పిళ్లై (1898–1956) ఈ తక్లీఫ్‌ని కుంభకోణం దగ్గరి నరసింగంపేట కారీగర్ రంగనాథన్ ఆచారి ముందు పెట్టారు. ఆచారి పట్టుబట్టి, 1950ల మధ్యలో పొడవు పెంచి, రంధ్రాల కొలతలు సరిదిద్ది కొత్త సాజ్ తయారుచేశారు. అదే పారి నాదస్వరం. ఈనాటి కచేరీల్లో మనం వినేది ఎక్కువగా అదే.

ఫరఖ్ గమనించారా? అక్కడ కంపెనీ మార్చింది, సాజిందా వద్దన్నాడు. ఇక్కడ సాజిందా అడిగాడు, కారీగర్ మార్చాడు. అందుకే ఆ మార్పు డెబ్బై ఏళ్లుగా నిలబడింది. ఏటా కొత్త మోడల్ అక్కర్లేకపోయింది.

ఆ కారీగర్లు వాడేది ఆచా కర్ర. మన రాయలసీమ అడవుల్లో నారయేపి అంటారే, అదే చెట్టు. పాత ఇళ్ల దూలాల్లో ఏళ్ల తరబడి ఎండి గట్టిపడిన కర్రకే ఖదర్ ఎక్కువ. మన నంద్యాల జిల్లా అయిన 2022లోనే నరసింగంపేట నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ గుర్తింపు కాగితం ఊపిరి పోయదు కదా! ఫంక్షన్ హాళ్లలో ఇప్పుడు సన్నాయి పెన్‌డ్రైవ్‌లోంచి వస్తోంది. వాయించేవాడు లేకపోతే కారీగర్‌కు ఏం మార్చాలో చెప్పేదెవరు? ఆ చెప్పే నోరు మూగబోతే సాజ్ అక్కడే ఆగిపోతుంది, తర్వాత మ్యూజియంలోకి పోతుంది. నా ఫికర్ అదీ.

భాంజాకు ఇదే చెప్పాను. "బేటా, దోస్తుల మాట విను, కానీ దాంతో ఫైసలా చేయకు. ఆ గిటారు పట్టుకుని గంటసేపు వాయించు. మెడ నీ చేతికి సరిపోతే, చెవికి ఇంపైతే తీసుకో. లేదంటే వదిలెయ్. అటు ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు రాతి శిల్పుల దగ్గర కాసేపు నిలబడు. ఉలి మంచిదో కాదో ఎవరు చెప్పాలి, అమ్మినవాడా, పట్టుకున్నవాడా అని అడుగు. అక్కణ్ణుంచి అహోబిలం దారిలో సన్నాయి వినబడితే ఆగి విను. ఆ ఫూంక్ వెనక మన పెద్దల ఊపిరి కూడా ఉంది."

"అచ్ఛా మామూ" అన్నాడు. గిటారు కొంటాడో లేదో గానీ, చిన మౌలానా సాహెబ్ రికార్డు ఒకటి పంపమన్నాడు. పంపాను. మీ పిల్లలక్కూడా వినిపించండి.

ఖుదా హాఫిజ్.