సూరత్‌లో ఇంటి సినిమా: అద్దె వీసీఆర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా

సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సొంత భాషలో సినిమా చాలాకాలం ఇంట్లోనే దొరికింది. ఊళ్లోని థియేటర్లలో ఆడేవి ఎక్కువగా హిందీ, గుజరాతీ సినిమాలు. తెలుగు బొమ్మ చూడాలంటే ముందు క్యాసెట్టో, డిస్కో, పెన్‌డ్రైవో చేతికి రావాలి. దాన్ని ఆడించే యంత్రం ఉండాలి. ఆ యంత్రం నేతపని కూలికి అందే ధరలో ఉండాలి. నలభై ఏళ్లలో యంత్రాలు ఎన్నో మారినా ఈ మూడు షరతులు మారలేదు. సినిమాల కోసం తక్కువ ధరలో ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఇవాళ చూసుకునేవీ ఇవే.

నేతపని వెంట వచ్చినవాళ్లు

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ మొగలుల కాలంలో పశ్చిమ తీరానికి పెద్ద రేవు. జరీ పనికి అప్పటినుంచీ పేరు. స్వాతంత్ర్యం తర్వాత రేయాన్, ఆపైన పాలిస్టర్ నూలు రావడంతో ఊరు కృత్రిమ పట్టు చీరల కేంద్రంగా మారింది. మరమగ్గాలు లక్షల్లోకి పెరిగాయి. వాటిమీద పనిచేయడానికి ఒడిశాలోని గంజాం నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి మనుషులు వచ్చారు. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు వచ్చారు. చేమగ్గం కూడు పెట్టని రోజుల్లో వాళ్లు షోలాపూర్, బొంబాయి, భివండీల బాట పట్టారు. ఆ బాటే సూరత్ వరకూ సాగింది.

లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు ఇళ్లు గుంపులుగా వెలిశాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లోనూ ప్రాథమిక పాఠశాలలు నడపడం ఈ వలసల ఫలితమే. అహ్మదాబాద్ నుంచి సూరత్, వరంగల్, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ కుటుంబాలకు సొంతూరి బండి. సాంచాల (మరమగ్గాల) మీద పని మీటరు లెక్క. పాళీ సాధారణంగా పన్నెండు గంటలు. పగటి పాళీ దిగినవాళ్ల చోట రాత్రి పాళీ వాళ్లు ఎక్కుతారు. చాలామంది కాపురం ఒకే గదిలో. ఇంటి సినిమాకు దొరికిన సమయమూ స్థలమూ అంతే.

అద్దె వీసీఆర్ రాత్రులు

జపాన్‌కు చెందిన జేవీసీ కంపెనీ 1976లో వీహెచ్‌ఎస్ క్యాసెట్టును తెచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా భారతదేశంలో రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. ఆ తర్వాత టీవీతో పాటు వీసీఆర్ కూడా ఊరూరా పాకింది. దిగుమతి సరుకు కాబట్టి మగ్గం కార్మికుడు కొనగలిగే ధర కాదు. అందుకే దేశమంతటా అద్దె పద్ధతి వచ్చింది. రంగుల టీవీ, వీసీఆర్, రెండు మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి ఇచ్చేవారు. నాలుగైదు ఇళ్లవాళ్లు చందాలు వేసుకునేవారు. అద్దె గిట్టాలంటే తెల్లవారేలోగా క్యాసెట్లన్నీ చూసెయ్యాలి. ఒకటి సొంత భాషది, ఒకటి హిందీది, పిల్లల కోసం ఒక భక్తి సినిమానో జానపదమో ఉండేది.

మామూలు వీహెచ్‌ఎస్ క్యాసెట్టులో మూడు గంటల బొమ్మ పడుతుంది. రెండున్నర గంటల తెలుగు సినిమా అందులో సుఖంగా సరిపోయేది. అయితే క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు నకలు తీసిన ప్రతిసారీ బొమ్మ మసకబారుతుంది. నాలుగో అయిదో నకలులో రంగులు చెదిరేవి, తెర కింద అంచున గీతలు పరిగెత్తేవి, మాట వెనక బుసబుస వినిపించేది. అద్దెకిచ్చే మనిషి ట్రాకింగ్ మీట తిప్పేవాడు. దానికీ లొంగకపోతే మూత తీసి, స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో హెడ్ తుడిచేవాడు. తెలుగు ప్రాంతం నుంచి దూరం పెరిగినకొద్దీ నకళ్ల సంఖ్యా పెరిగేది.

వీడియో చౌర్యం నిర్మాతలను గట్టిగా దెబ్బతీయడంతో 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. అయినా వీడియో పార్లర్లు ఆగలేదు. సూరత్‌లాగే మరమగ్గాల ఊరైన మాలేగావ్‌లో వీడియో పార్లర్ నడిపిన షేక్ నాసిర్, ఆ అనుభవంతోనే స్థానిక కార్మికులను నటులుగా పెట్టి తక్కువ ఖర్చులో వీడియో సినిమాలు తీశారు. పన్నెండు గంటలు సాంచా చప్పుడులో గడిపే మనిషికి సినిమా ఎంత అవసరమో చెప్పడానికి ఆ ఊరి కథ చాలు.

డిస్కుల కాలం

1995లో జెమినీ, ఈటీవీ మొదలవడంతో రాష్ట్రం బయటి తెలుగువాళ్లకు ఉపగ్రహం ద్వారా సొంత భాష అందింది. కానీ చానల్ వేసిన సినిమానే, అది వేసిన వేళకే చూడాలి. రాత్రి పాళీలో ఉన్నవాడికి రాత్రి సినిమా అందదు. కోరుకున్నప్పుడు చూసే వీలు మళ్లీ వీడియో సీడీతోనే వచ్చింది.

వీడియో సీడీ ప్రమాణం 1993లో రూపుదిద్దుకుంది. మామూలు సీడీలో 74 నిమిషాల బొమ్మ పడుతుంది. అందువల్ల ఒక తెలుగు సినిమాకు రెండు గానీ మూడు గానీ డిస్కులు పట్టేవి. మొదటి డిస్కు అయిపోయిన చోటే ఇంటి విరామం. బొమ్మ 352×288 చుక్కలే, వీహెచ్‌ఎస్ కంటే మెరుగనలేం. కానీ ఎన్ని నకళ్లు తీసినా మసకబారదు. ప్లేయర్ తేలిక, చవక. అద్దె అవసరం తీరి యంత్రం ఇంటి సొంతమైంది. 1996లో జపాన్‌లో విడుదలైన డీవీడీ సినిమా మొత్తాన్ని ఒకే డిస్కులోకి తెచ్చింది.

నకిలీ డిస్కులతో ధరలోనే పోటీ పడాలని మోసర్ బేర్ సంస్థ 2007లో అసలు వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు అమ్మకానికి పెట్టింది. అప్పటివరకు అసలు సరుకు ధర దీనికి ఎన్నో రెట్లు. కూలి మనిషి కూడా నిజాయితీగా కొనుక్కునే ధర అదే మొదటిసారి. ఈ మార్పుకు కొద్దికాలం ముందే, 2006 ఆగస్టులో, ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో సూరత్‌లో ఎక్కువ భాగం మునిగింది. కింది అంతస్తుల ఇళ్లలోని సామాను నీళ్లపాలై, చాలామంది అన్నీ కొత్తగా అమర్చుకోవలసి వచ్చింది.

సినిమా ఫైలుగా మారింది

1999 తర్వాత డివ్‌ఎక్స్ వంటి కుదింపు పద్ధతులు వచ్చి, పూర్తి సినిమా 700 ఎంబీ ఫైలుగా ఒక సీడీలో ఇమిడింది. దాంతో కొత్త చిక్కు మొదలైంది. ఫైలు తెరిస్తే మాట వినిపిస్తుంది, బొమ్మ రాదు. లేదా బొమ్మ కదులుతుంది, మాట రాదు. ఫైలును కుదించిన పద్ధతి యంత్రానికి తెలియకపోవడమే కారణం. పారిస్‌లో విద్యార్థుల పనిగా 1996లో మొదలై, 2001లో అందరికీ ఉచితంగా అందిన వీఎల్‌సీ ప్లేయర్ ఈ బాధను చాలావరకు తీర్చింది. 2002లో మొదలైన ఎంకేవీ పద్ధతి ఒకే ఫైలులో తెలుగు, హిందీ మాటలను రెంటినీ, సబ్‌టైటిళ్లనూ ఇమిడ్చింది. సూరత్‌లో పుట్టి గుజరాతీ, హిందీల్లో చదువుకున్న పిల్లలున్న ఇంట్లో ఇది ఎంతో మేలు.

దసరాకు బతుకమ్మ చూడ్డానికో, దీపావళికి సాంచాలు ఆగినప్పుడో సొంతూరు వెళ్లినవాళ్లు సినిమాను ఇక పెన్‌డ్రైవ్‌లోనే తెచ్చుకోవచ్చు. అక్కడా ఒక ఇబ్బంది ఎదురయ్యేది. పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా, 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. పాత ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్ అంతకంటే పెద్ద ఫైలును తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే సమస్య ఉండదు.

చవక ల్యాప్‌టాప్ ప్రవేశం

2007 చివర్లో ఆసుస్ విడుదల చేసిన ఈ-పీసీ, చవక ల్యాప్‌టాప్ కూడా సాధ్యమేనని లోకానికి చూపింది. ఏడంగుళాల తెర, డిస్కు డ్రైవ్ లేదు. మరుసటి ఏడాది వచ్చిన ఆటమ్ ప్రాసెసర్‌తో ఇలాంటి నెట్‌బుక్‌లు వెల్లువెత్తాయి. 700 ఎంబీ సినిమాను ఇవి బాగానే ఆడించేవి. హెచ్.264 పద్ధతిలోని ఫుల్ హెచ్‌డీ ఫైలు పెడితే మాత్రం మాట ముందు నడిచేది, బొమ్మ వెనకబడేది. ప్రాసెసర్ ఒక్కటే ఆ లెక్కంతా చేయలేకపోవడం దీనికి మూలం. వీడియో విప్పడానికి ప్రత్యేక భాగం గల ప్రాసెసర్లు చవక యంత్రాల్లోకి దిగాక ఈ కొరత పోయింది.

ఈ అనుభవం నేర్పిన పాఠం నేటికీ వర్తిస్తుంది. సినిమాలకు ల్యాప్‌టాప్ ఎంచుకునేటప్పుడు ప్రాసెసర్ వేగం కంటే అది ఏ పద్ధతి ఫైలును స్వయంగా విప్పగలదన్నదే ముఖ్యం. ఇప్పటి ఫైళ్లలో చాలా వాటికి వాడే పది బిట్ల హెచ్‌ఈవీసీ కుదింపును ఇంటెల్‌లో ఏడో తరం నుంచి, ఏవీ1ను పదకొండో తరం నుంచి ప్రాసెసర్లు సునాయాసంగా విప్పుతాయి. కార్యాలయాలు వాడి వదిలేసిన రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లలో ఎనిమిదో తరానివి సినిమాలకు చాలు.

రెండోది తెర. 1366×768 తెర మీద ఫుల్ హెచ్‌డీ సినిమా తన స్పష్టత కోల్పోతుంది. 1920×1080 ఉండాలి. అది ఐపీఎస్ రకమైతే పక్కన కూర్చున్నవాళ్లకూ రంగులు సరిగా కనిపిస్తాయి. చవక టీఎన్ తెరలో పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఒక్క గదిలో నలుగురు చూసే ఇంట్లో ఈ తేడా పెద్దది. మూడోది నిల్వ. రెండు జీబీల లెక్కన 500 జీబీ డిస్కులో రెండువందలకు పైగా సినిమాలు పడతాయి. వీడియో ఆడించడానికి పాత హార్డ్ డిస్కు వేగమూ సరిపోతుంది. ల్యాప్‌టాప్ చురుగ్గా తెరుచుకోవాలంటే చిన్న ఎస్‌ఎస్‌డీ, సినిమాలకు బయటి హార్డ్ డిస్కు పెట్టుకోవడం మేలైన అమరిక. నాలుగోది శబ్దం. చవక ల్యాప్‌టాప్ స్పీకర్లు సంభాషణలకు చాలవు, కాబట్టి బడ్జెట్‌లో చిన్న స్పీకరుకూ కొంత తీసి ఉంచాలి.

ఇంటర్నెట్ తర్వాత

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా చవకయ్యాక ఫైలు దాచుకునే అవసరం తగ్గింది. 2020 ఉగాదికి మొదలైన ఆహా వంటి తెలుగు వేదికలతో, సూరత్‌లోని తెలుగువాళ్లు చందా కట్టి చట్టబద్ధంగా కొత్త సినిమా చూడగలుగుతున్నారు. ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తున్నారు. అయితే ఫోన్ తెర ఒక్కరికే సరిపోతుంది. కుటుంబమంతా చూడాలంటే పెద్ద తెర కావాలి. అందుకే హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్న ల్యాప్‌టాప్ ఎంచుకోవాలి. ఒక కేబుల్‌తో అది ఇంట్లోని టీవీకి కలుస్తుంది, ఫైలునూ వెబ్ వేదికనూ రెంటినీ ఆడిస్తుంది, పగలు పిల్లల చదువుకు పనికొస్తుంది. పరిమిత ఆదాయంలో ఒకే యంత్రం కొనగలిగే ఇంటికి ఇంతకంటే ఎక్కువ పనికొచ్చేది లేదు.