గోల్డెన్ మాత్స్ ఆర్కిడ్

ఆగ్నేయ ఆస్ట్రేలియా పచ్చిక మైదానాల్లో పెరిగే పసుపు పూల నేల ఆర్కిడ్. శాస్త్రీయ నామం డయూరిస్ క్రైసియాప్సిస్. విక్టోరియా, టాస్మానియా రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. డయూరిస్ ప్రజాతిని జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ 1798లోనే వర్ణించినా, దీన్ని విడి జాతిగా డేవిడ్ జోన్స్ గుర్తించింది 1998లో. అంతవరకు దగ్గరి జాతులతో కలిపి లెక్కించేవారు.

పూత లేనప్పుడు దీన్ని పోల్చుకోవడం కష్టం. సన్నని ఆకులు చుట్టూ ఉన్న గడ్డిలో కలిసిపోతాయి. అక్కడి వసంతకాలంలో, సుమారు ఆగస్టు నుంచి నవంబరు దాకా, జానెడు కాడ మీద ఒకటి నుంచి నాలుగు పూలు తల వంచుకుని వేలాడతాయి. పైనున్న రక్షక పత్రం, ఆకర్షణ పత్రాలు, పెదవి నిమ్మపండు పసుపులో ఉంటాయి. పక్క రక్షక పత్రాలు రెండూ మాత్రం ఆకుపచ్చగా, సన్నగా, తోకల మాదిరి కిందికి జారి ఉంటాయి.

ఎండాకాలంలో మొక్క పైభాగం ఎండిపోతుంది. నేలలోని దుంప ఒక్కటే బతికి ఉండి, శరదృతువు వానలకు మళ్లీ ఆకులు వేస్తుంది. ఈ ప్రజాతి దుంపలను అక్కడి ఆదివాసులు తవ్వుకుని తినేవారు. విత్తనాలు ధూళిలా ఉంటాయి, వాటిలో నిల్వ ఆహారం ఉండదు. మట్టిలోని తగిన శిలీంధ్రం తోడైతేనే మొలకెత్తుతాయి. అందుకే ఎక్కడ పడితే అక్కడ విత్తనం చల్లి పెంచడం కుదరదు.

దీని తోటి గడ్డి కంగారూ గ్రాస్, తూర్పు కనుమల్లోనూ పెరిగే థెమెడా ట్రయాండ్రా. ఆదివాసులు పచ్చికను అప్పుడప్పుడు తగలబెట్టేవారు కాబట్టి గడ్డి దుబ్బుల మధ్య చిన్న మొక్కలకు చోటు దొరికేది. 1830ల నుంచి గొర్రెల మందలు, ఆ తర్వాత నాగలి, ఫాస్ఫేటు ఎరువులు వచ్చాయి. విక్టోరియా అగ్నిపర్వత మైదానంలోని సహజ పచ్చికలో 5 శాతం కూడా మిగల్లేదు. మిగిలిందీ చాలావరకు రైలు పట్టాల పక్కన, పాత శ్మశానాల్లో, అంటే ఎవరూ దున్నని చోట్ల. అలాంటి ముక్కకు కంచె కట్టి వదిలేస్తే రక్షణ అయిపోయిందనుకోవడం పొరపాటు. ఏళ్ల తరబడి నిప్పు తగలకపోతే గడ్డి దట్టంగా పేరుకుని ఆర్కిడ్‌ను కప్పేస్తుంది. ఆకులు లేని కాలం చూసి తగలబెట్టడం సంరక్షణలో భాగం.

మెల్‌బోర్న్‌కు పశ్చిమాన పెరిగే దీని బంధువు డయూరిస్ బసాల్టికా పరిస్థితి ఇంకా ఘోరం. 2006లో వర్ణించిన ఆ జాతి ఆస్ట్రేలియా ప్రభుత్వపు అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది.