గెట్టోకి పుట్టినరోజు ఉంది

మొదటిసారి వెనిస్ వెళ్ళేవాళ్ళలో చాలామందికి చేతిలో ఉండేది ఒకటిన్నర రోజు. నాకూ అంతే. ఊళ్ళో హోటళ్ళ ధరలు చూసి జంకి, అవతలి ఒడ్డున మెస్త్రేలో దిగాను. పొద్దున్నే రైలెక్కి, ఉప్పునీటి మడుగు మీద కట్టిన పొడవాటి వంతెన దాటి, సాంతా లూచియా స్టేషన్ బయటికొస్తే రోడ్డు ఉండాల్సిన చోట కాలవ. ఫొటోల్లో ఎన్నిసార్లు చూసినా ఆ ఒక్క క్షణం మనిషిని నిలబెట్టేస్తుంది. ఆ తర్వాత జనం వెళ్ళే దారి తెలిసిందే: రియాల్టో వంతెన, సాన్ మార్కో, గొండోలా, ఐస్‌క్రీమ్. వాటి గురించి నేను కొత్తగా చెప్పగలిగింది ఏమీ లేదు. సాయంత్రం నేనూ వెళ్ళాను, నేనూ ఫొటోలు తీసుకున్నాను. పొద్దున మాత్రం గుల్యే వంతెన దాటగానే ఎడమకి తిరిగి, కాలవగట్టు వెంట నాలుగడుగులు వేసి, ఒక ఇంటి కిందనుంచి పోయే పొట్టి సందులోకి దూరాను. ప్రపంచంలోని గెట్టోలన్నిటికీ పేరిచ్చిన గెట్టో అక్కడ మొదలవుతుంది.

సందు మొదట్లో రాతిగుమ్మానికి చిన్న చిన్న గుంటలున్నాయి. ఒకప్పటి తలుపుల బందులు బిగించిన గుర్తులవి. ఎవరైనా చూపిస్తే తప్ప కంటికి ఆనవు. ఇంకాస్త లోపల గోడకి 1704 నాటి రాతిపలక ఉంది. క్రైస్తవంలోకి మారిన యూదులు మళ్ళీ ఈ వైపు వచ్చినా, చాటుగా పాత ఆచారాలు పాటించినా ఏమవుతుందో దాని మీద చెక్కారు. కొరడా దెబ్బలు, జైలు, గాలీ ఓడల్లో తెడ్డు చాకిరీ. మతం మార్చుకుని బయటపడినవాడికి కూడా పాత వాకిట్లోకి తిరిగొచ్చే హక్కు లేదన్నమాట.

ఇంతకీ ఈ మాట లోహానికి సంబంధించింది. వెనిస్ వాళ్ళ భాషలో పోత పోయడాన్ని సూచించే మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. రిపబ్లిక్ ఫిరంగులకి రాగి కరిగించే పోతశాల ఇక్కడే ఉండేది. అసలు పలకాల్సింది ‘జెతో’ అని, జర్మన్ ప్రాంతాల నుంచి వచ్చిన యూదుల నోట అది ‘గెట్టో’ అయిందని అంటారు. పేర్లలో ఇంకో తిరకాసు కూడా ఉంది. ‘కొత్త గెట్టో’లో యూదుల్ని 1516లో పెట్టారు, ‘పాత గెట్టో’లో 1541లో. కొత్తది పాతదాని కన్నా పాతది! పోతశాల పాత భాగం, కొత్త భాగం అని ముందునుంచీ ఉన్న పేర్లే మనుషులొచ్చాక కూడా మిగిలిపోయాయి. 1633లో ఇంకో ముక్క కలిపి దానికి ‘సరికొత్త గెట్టో’ అని పేరు పెట్టారు.

1516కి ముందు యూదులకి వెనిస్‌లో స్థిరంగా ఉండే అనుమతి దాదాపు లేదు. నేను దిగిన మెస్త్రేలోనే ఉంటూ పనిమీద ఊళ్ళోకి వచ్చి పోయేవాళ్ళు. (ఇప్పుడు మెస్త్రేలో ఉంటూ వెనిస్ హోటళ్ళలో గిన్నెలు కడిగి, వంట చేసి రాత్రికి రైలెక్కేవాళ్ళలో బంగ్లాదేశ్ వాళ్ళు చాలామంది. పొద్దుటి రైల్లో నా చుట్టూ వినిపించింది ఇటాలియన్ కన్నా బెంగాలీయే ఎక్కువ.) 1509లో అన్యాదెల్లో యుద్ధంలో వెనిస్ చిత్తుగా ఓడిపోయింది. శత్రుసైన్యాలు భూభాగం మీదికి వచ్చేసరికి పాడువా, మెస్త్రేల నుంచి జనం ప్రాణాలు అరచేత పట్టుకుని నీళ్ళ మధ్య ఊళ్ళోకి పారిపోయి వచ్చారు. వాళ్ళలో యూదులూ ఉన్నారు. యుద్ధఖర్చుకి డబ్బు కావాలి, పేదజనానికి చేబదుళ్ళు కావాలి, కాబట్టి ఉండనిచ్చారు. చర్చి పీఠాల మీద నుంచి సన్యాసులు మాత్రం, దేవుడు ఓడించింది వీళ్ళని ఉండనిచ్చినందుకేనని ఉపన్యాసాలు దంచారు. వెళ్ళగొడితే నష్టం, ఉంచుకుంటే పాపం. జక్కరియా దొల్ఫిన్ అనే పెద్దమనిషి మధ్యేమార్గం చెప్పాడు: అందర్నీ ఆ పోతశాల దీవిలో పెడదాం, అది కోటలాగే ఉంటుంది. 1516 మార్చి 29న సెనేట్ తీర్మానించింది.

ఆ తీర్మానంలోని వివరాలు చదువుతుంటే దాని శ్రద్ధకి ఒళ్ళు జలదరిస్తుంది. దీవికి రెండు ద్వారాలు. సాన్ మార్కోలో మరంగోనా గంట మోగినప్పుడు తెరవాలి, చీకటి పడ్డాక మూసెయ్యాలి. కాపలాకి నలుగురు క్రైస్తవులు, వాళ్ళ జీతం యూదులే ఇవ్వాలి. దీవి చుట్టూ రాత్రంతా తిరిగే పడవల ఖర్చూ వాళ్ళదే. అప్పటిదాకా అక్కడ ఉంటున్న క్రైస్తవులు ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. వాళ్ళిచ్చే అద్దె మీద మూడోవంతు కలిపి యూదులు కట్టాలి, ఆ పెరిగిన భాగం మీద ఇంటి ఓనరుకి పన్ను మాఫీ. ఒకరిని తాళం వేసి ఉంచడానికి అయ్యే ప్రతి దమ్మిడీ వాళ్ళ జేబులోంచే లాగారు. ఆ మాటకొస్తే ఇక్కడ ఉండడానికి కూడా అనుమతి ఒప్పందం రాయించుకుని, గడువు తీరినప్పుడల్లా డబ్బు కట్టి పొడిగించుకోవాలి. పగటిపూట వచ్చి పోయే నాలాంటి యాత్రికుల దగ్గర కొన్ని రోజుల్లో 5 యూరోలు వసూలు చెయ్యడం 2024లో మొదలుపెట్టారు. ఊళ్ళో కాలు పెట్టడానికి లెక్కకట్టే విద్య ఈ ఊరికి కొత్తేం కాదు.

సందు దాటి చెక్కవంతెన ఎక్కి దిగితే కొత్త గెట్టో మైదానం. మధ్యలో మూడు రాతిబావులు, ఒకటి రెండు చెట్లు, బంతాట ఆడుతున్న పిల్లలు. తలెత్తితే అర్థమవుతుంది అసలు సంగతి. వెనిస్‌లో ఇళ్ళు ఇంత ఎత్తుండవు. ఇక్కడ ఏడంతస్తులు, కొన్నిచోట్ల ఇంకా పైకి. కిటికీల వరసలు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి, అంటే లోపల కప్పులు అంత పొట్టి. మొదట్లో సుమారు 700 మంది. తర్వాత వేలయ్యారు. దీవి పెరగదు, జనం పెరుగుతారు, కాబట్టి ఆకాశం వైపు కట్టుకున్నారు, ఉన్న అంతస్తుని అడ్డంగా కోసి రెండు చేసుకున్నారు. ఇల్లు కొనుక్కునే హక్కు ఎలాగూ లేదు. ప్రార్థనా మందిరాలు పై అంతస్తుల్లో ఉంటాయి. బయటినుంచి చూస్తే వరసగా అయిదు పెద్ద కిటికీలు, అంతే గుర్తు. జర్మన్ యూదులది 1528లో కట్టారు. తర్వాత ఇటాలియన్లది, తుర్కీ రాజ్యం నుంచి వచ్చినవాళ్ళది, స్పెయిన్ నుంచి తరిమేస్తే వచ్చినవాళ్ళది. బయటివాళ్ళు అందరికీ ఒకే పసుపు గుర్తు, పసుపు టోపీ పెట్టారు గానీ లోపల ఎవరి యాస వాళ్ళది, ఎవరి వంట వాళ్ళది.

పగలు ఊరంతా వీళ్ళ గడప తొక్కేది. చెయ్యనిచ్చిన పనులు కొన్నే: తాకట్టు, పాతబట్టల వ్యాపారం, వైద్యం. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు అని మూడు తాకట్టు కొట్లుండేవి. ఎర్రది ఇప్పటికీ బోర్డుతో సహా ఉంది. పదహారో శతాబ్దం చివరికి వడ్డీ నూటికి అయిదు దాటకూడదని నిబంధన పెట్టారు. ఆ కొట్లు నష్టాల్లో నడిచినా మూసెయ్యడానికి వీల్లేదు, నష్టం యూదులందరూ కలిసి భరించాలి. వడ్డీవ్యాపారి అనగానే మన మనసులో షైలాక్ మెదులుతాడు కదా, ఇక్కడి అసలు లెక్క అది. అన్నట్టు ‘వెనిస్ వర్తకుడు’ నాటకంలో గెట్టో అనే మాటే లేదు. రాత్రి తాళం పడ్డాక కూడా వైద్యుల్ని మాత్రం బయటికి వదిలేవాళ్ళు. జబ్బుపడ్డ క్రైస్తవుడి నాడి పట్టుకోవడానికి యూదుడి చెయ్యి పనికొచ్చేది. ఇక పుస్తకాలు: తాల్ముద్ మొత్తం మొట్టమొదటిసారి అచ్చయింది ఈ ఊళ్ళోనే, 1520ల మొదట్లో. అచ్చేసింది దానియెల్ బాంబర్గ్ అనే క్రైస్తవుడు, ఎందుకంటే యూదులకి ప్రెస్సు పెట్టుకునే అనుమతి లేదు. 1553లో అదే తాల్ముద్‌ని సాన్ మార్కో చౌక్‌లో కుప్పపోసి తగలబెట్టారు. సాయంత్రం నేను ఫొటోలు తీసుకున్న చౌక్ అదే.

మైదానంలో బెంచీ మీద కూర్చుంటే, ఈ మాట మన దగ్గరికి ఎలా వచ్చిందన్నది గుర్తొచ్చింది. 1948లో అచ్చయిన ‘ది అన్‌టచబుల్స్’లో అంబేద్కర్ మన ఊళ్ళ నిర్మాణం చెప్పడానికి ఈ వెనిస్ మాటనే వాడుకున్నాడు. ఊరు ఒకరిది, గెట్టో ఇంకొకరిది. తెలుగులో మనకి అంతకన్నా పాత మాట ఉంది, వెలివాడ. రెండూ ఒకటేనా అని ఆలోచిస్తే తేడా ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గెట్టోకి పుట్టినరోజు ఉంది. ప్రతిపాదించినవాడి పేరుంది, కాపలావాళ్ళ సంఖ్య ఉంది, అద్దె లెక్క ఉంది. వెలివాడకి అవేమీ లేవు. స్మృతుల్లో చండాలుడు ఊరిబయటే ఉండాలని రాసుంది, నిజమే. కానీ ఫలానా ఊళ్ళో ఫలానా రోజు ఫలానావాళ్ళు తీర్మానించి జనాన్ని అవతలకి పంపారన్న కాగితం ఎక్కడ? తలుపూ తాళమూ అక్కర్లేకుండానే నడిచిన ఏర్పాటు అది. 1797లో నెపోలియన్ దెబ్బకి వెనిస్ రిపబ్లిక్ కూలింది. ఆ జూలైలో గెట్టో తలుపులు ఊడపీకి, ఈ మైదానంలోనే కాల్చేసి, ఆ మంట చుట్టూ జనం గంతులేశారు. మన వాడలకి అలా పీకి కాల్చడానికి తలుపే లేదు. గెట్టోకి అయిదొందల ఏళ్ళు నిండింది 2016లో. ఆ జనవరిలో హైదరాబాదు యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన అయిదుగురు విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి పెట్టుకున్న పేరు వెలివాడ.

అలాగని కాగితం ఉండటం మంచిదని కూడా అనలేను, ఎందుకంటే ఈ మైదానం కథ 1797తో అయిపోలేదు. 1866లో వెనిస్ ఇటలీలో కలిశాక యూదులు పూర్తి పౌరులయ్యారు. ఊళ్ళో ఎక్కడెక్కడో ఇళ్ళు తీసుకున్నారు, డాక్టర్లు, ప్రొఫెసర్లు అయ్యారు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులు ఎవరు, ఎక్కడున్నారు అని దేశమంతా జనాభా లెక్క తీసి, జాతిచట్టాలు తెచ్చింది. 1943 సెప్టెంబర్‌లో జర్మన్లు వచ్చారు. అప్పుడు ఇక్కడి యూదు సమాజానికి అధ్యక్షుడు జుసెప్పె యోనా, పేరున్న వైద్యుడు, డెబ్భై దాటినవాడు. తనవాళ్ళ పేర్ల జాబితా ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. సెప్టెంబర్ 17న ప్రాణం తీసుకున్నాడు.

కానీ ప్రభుత్వ ఆఫీసుల్లో 1938 నాటి లెక్క భద్రంగా ఉంది. డిసెంబర్ 5 రాత్రి అరెస్టులు మొదలయ్యాయి, తలుపులు కొట్టింది ఎక్కువగా ఇటాలియన్ పోలీసులే. 1944 ఆగస్టులో ఇదే మైదానంలోని వృద్ధాశ్రమం నుంచి ముసలివాళ్ళని తీసుకెళ్ళారు. వాళ్ళతోపాటు చూపు మందగించిన రబ్బీ అదోల్ఫో ఒత్తొలెంగినీ. వెనిస్ నుంచి పంపించినవాళ్ళు సుమారు 246 మంది. తిరిగొచ్చింది ఎనిమిదిమంది.

వృద్ధాశ్రమం ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ పక్క ఇటుకగోడకి లిథువేనియా నుంచి వచ్చిన శిల్పి అర్బిత్ బ్లాతాస్ చేసిన కంచు పలకలున్నాయి. ఆయనదే ఇంకోటి ‘చివరి రైలు’, 1993లో పెట్టారు. దాని వెనక, పశువుల్ని తోలే పెట్టెబండి గోడలాంటి చెక్కపలకల మీద పోయినవాళ్ళ పేర్లు, పేరు పక్కన వయసు చెక్కారు. నేను వరసగా చదవడం మొదలుపెట్టాను. ఒకే ఇంటిపేరు పదేపదే వస్తుంది, వయసులు మాత్రం మారుతుంటాయి. పక్కనే చిన్న గదిలాంటి కాపలా చౌకీ, అందులో తుపాకీతో యూనిఫాం కుర్రాడు. ఇప్పుడు కాపలా లోపలివాళ్ళ కోసం, జీతం ప్రభుత్వానిది. పిల్లల బంతి దొర్లుకుంటూ వచ్చి చౌకీకి తగిలితే వాడు కాలితో వెనక్కి తన్నాడు.