వస్తానండి, ఉంటానండి

కలిదిండిలో బస్సు కోసం నిలబడ్డ మనిషిని పెద్దవాళ్ళు ‘ఎక్కడికి?’ అని అడగరు. ‘ఎందాకా?’ అంటారు. బయల్దేరేవాడు ‘వెళ్తాను’ అనడు, ‘వెళ్ళొస్తానండి’ అంటాడు. ‘క్షేమంగా వెళ్ళి లాభంగా రండి’ అని సాగనంపుతారు.

ఇలా కట్టుబడ్డ మాటలతో ఈ ఊరికి పాత సంబంధమే ఉంది. 11వ శతాబ్దిలో రాజరాజ నరేంద్రుడు, యుద్ధంలో నేలకొరిగిన ముగ్గురు చోళ సేనానుల స్మృతికి ఇక్కడ శివాలయాలు వెలయించి, రాగిరేకుల మీద దానశాసనం చెక్కించాడు. ఆయన వంశీకులైన వేంగీ చాళుక్యుల శాసనాల్లో మానవ్య సగోత్రులం, హారీతి పుత్రులం అన్న వంశ పరిచయం తరతరాలుగా అవే మాటల్లో సాగుతుంది. దానం ఎన్నాళ్ళు నిలవాలన్నా ఆ కాలపు శాసనాలకు తెలిసిన మాట ‘ఆచంద్రార్కం’. అది ఏ రాజుకూ సొంత మాట కాదు. దాని బలమంతా అక్కడే ఉంది.

ఇంటి మాటలూ అంతే. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగదు, పెరుగుతుంది. పైన తథాస్తు దేవతలు వింటుంటారు మరి.

ఈ జాగ్రత్త హీబ్రూ మాట్లాడే ఇళ్ళలోనూ ఉంది. పిల్లల ముచ్చట చెబుతూ ‘బ్లి అయిన్ హరా’ అంటారు, దిష్టి తగలకూడదని. మనం నిండు నూరేళ్ళు బతకమని దీవిస్తే వాళ్ళు నూట ఇరవై ఏళ్ళంటారు, అది మోషే ఆయుష్షు. శతాబ్దాలపాటు ప్రార్థనకూ చదువుకూ పరిమితమైన ఆ భాషను, 1881లో జెరూసలేం చేరిన ఎలియేజర్ బెన్ యెహూదా తన ఇంట్లోనే మాట్లాడించాడు. వస్తువులకు కొత్త పేర్లు పుట్టించుకోవచ్చు. పలకరింపులు పుట్టించడం అంత తేలిక కాదు. అక్కడ ప్రార్థన పలుకులూ యిడ్డిష్ నుడికారమూ ఆదుకున్నాయి. ‘ఏం వినిపిస్తోంది?’ అనే అర్థంలో వాళ్ళు రోజూ అనే ‘మా నిష్మా’ యిడ్డిష్ వాడుక మీద అల్లుకున్నదే. మన ‘ఏంటి విశేషాలు?’కు దగ్గరి చుట్టం.

ఇవి అరిగిపోయిన మాటలని తీసిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. చావింటి గుమ్మంలో సొంత మాట ఎవరికి దొరుకుతుంది? ‘మన చేతుల్లో ఏముందండీ’ అంటాం. మన తర్వాత వచ్చినవారూ అదే అంటారు. ఆ ఇంటివాళ్ళు తలూపుతారు. పదిమందీ అదే మాట అనడంలోనే ఊరట ఉంది.

అన్నీ నిలవలేదు. ఉత్తరాలతోపాటు ‘ఉభయకుశలోపరి’ పోయింది. భర్త పోయిన ఆడవాళ్ళ పేరుకు ముందు తగిలించే ‘గంగాభాగీరథీ సమానురాలైన’ కూడా పోయింది, పోవడమే మేలు. ఫోను వచ్చాక మాత్రం కొత్తదొకటి స్థిరపడింది. ఎదురుగా కూర్చుంటే ‘వస్తానండి’ అని లేచే మనిషి ఫోనులో ‘ఉంటానండి’ అని పెట్టేస్తాడు. ‘పోతాను’కు అక్కడా చోటు దొరకలేదు.